ఎండల్లో పురుగులు ఎలా బతుకుతున్నాయి? మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ప్రశ్నలన్నీ ఒకే విషయం మీద తీసుకున్నాం. వేసవి మొదలైనప్పటి నుంచి చీమల గురించీ తేనెటీగల గురించీ దోమల గురించీ చాలామంది రాశారు. అందరి సందేహమూ ఇంచుమించు ఒకటే: ఈ ఎండకి మనమే నిలబడలేకపోతుంటే అంత చిన్న ప్రాణాలు ఎలా నెట్టుకొస్తున్నాయి, ఎండలు ఇంకా ముదిరితే వాటి సంగతేంటి?

మే నెలలో 45 డిగ్రీలు దాటితే మా ఊళ్లో రోడ్డు మీద మనిషి కనపడడు. చీమలు, ఈగలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. వాటికి వేడి తెలియదా?
— ఒక పాఠకుడు, రామగుండం

తెలుస్తుందండీ, మనకంటే ముందే తెలుస్తుంది. బయట ఎంత మండుతున్నా మన ఒంటిని 37 డిగ్రీల దగ్గర నిలబెట్టే ఏర్పాటు మనకుంది. చాలా పురుగులకి అది లేదు, చుట్టూ ఎంత వేడి ఉంటే ఒంట్లోనూ దాదాపు అంతే. ఒళ్లు చిన్నది కాబట్టి ఎండలోకి వచ్చిన కాసేపటికే కాగిపోతుంది, నీడలోకి పోతే అంతే తొందరగా చల్లబడుతుంది. అందుకే వాటి మొదటి ఉపాయం చోటు మార్చడం, రెండోది వేళ మార్చడం. ఈసారి మిట్టమధ్యాహ్నం కాస్త గమనించి చూడండి, మీకు కనిపించే చీమల్లో ఎక్కువ భాగం గోడ నీడలోనో చెట్టు మొదట్లోనో ఉంటాయి, బోసి నేల మీద ఉండవు. వార్తల్లో చెప్పే 45 డిగ్రీలు నీడలో, నేల మీద నుంచి నాలుగడుగుల ఎత్తులో కొలిచిన గాలి వేడి. ఎండ నేరుగా పడే పొడి నేల 60 కూడా దాటుతుంది, చీమ నడవాల్సింది దాని మీద. చాలా పురుగులు 40కీ 50కీ మధ్య ఎక్కడో ఒకచోట ఇక కదలలేక పడిపోతాయి. అదే నేలలో జానెడు లోతుకి పోతే మధ్యాహ్నపు మంట చాలావరకు తగ్గిపోతుంది, ఆకు అడుగున, రాయి కింద, రాలిన చెత్త కింద కూడా అంతే. మీ వీధిలో చీమలు బతికి ఉన్నాయంటే అలాంటి చోట్లు ఇంకా మిగిలి ఉన్నాయని అర్థం.

వేడి కంటే కూడా ఒక్కోసారి ఎండిపోవడం పెద్ద ప్రమాదం. పురుగు పైపెంకు మీద పల్చటి మైనపు పూత ఉంటుంది, ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆపేది అదే. వేడి ఒక హద్దు దాటితే ఆ మైనం మెత్తబడి నీరు పోవడం మొదలవుతుంది. ఒంటి పక్కల ఉండే శ్వాసరంధ్రాల్లోంచి కూడా తేమ పోతుంది కాబట్టి చాలా పురుగులు అవసరం లేనప్పుడు వాటిని మూసేసుకుంటాయి.

ఇక కణాల్లో జరిగే పని. వేడికి ప్రొటీన్లు ఆకారం చెడిపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి, గుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడేది ఇందుకే. ఆ గతి పట్టకుండా ప్రొటీన్లని పట్టుకుని సరిచేసే వేరే ప్రొటీన్లు ఉన్నాయి, హీట్ షాక్ ప్రొటీన్లు అంటారు. వీటి కథ 1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరుచ్చియో రిటోసా ప్రచురించిన ఒక పరిశీలనతో మొదలైంది. ఆయన ఫ్రూట్ ఫ్లైలని (పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్ని) ఉంచిన పెట్టెలో వేడి అనుకోకుండా పెరిగితే, వాటి క్రోమోజోముల మీద మామూలుగా లేని చోట ఉబ్బులు కనిపించాయి, అంటే వేడి తగలగానే కణం కొన్ని కొత్త జన్యువుల్ని పనిలోకి దించింది. ఇదే ఏర్పాటు మనలోనూ మొక్కల్లోనూ ఉందని తర్వాత తేలింది. కాస్త వేడికి అలవాటుపడిన పురుగు ఆ తర్వాత ఇంకాస్త ఎక్కువ వేడిని ఓర్చుకోగలగడానికి ఇదీ ఒక కారణం. కాకపోతే దీనికి శక్తి ఖర్చవుతుంది, ఆ శక్తిని ఎదుగుదలలోంచో పెట్టాల్సిన గుడ్లలోంచో తగ్గించుకోవాలి.

ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ వేడిని తట్టుకునే పురుగు ఏది?
— ఇంటర్ విద్యార్థిని, కర్నూలు

తిరుగుతూ పని చేసుకుంటూ తట్టుకునేదా, కదలకుండా పడి ఉండి తట్టుకునేదా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుందమ్మా.

తిరిగేవాటిలో సహారా ఎడారి వెండి చీమ పేరు ముందు చెప్పాలి. ఒంట్లో వేడి 53 డిగ్రీలు దాటేదాకా ఇది నడవగలదు. ఎండకి చచ్చిపోయిన ఇతర పురుగుల్ని ఏరుకుని తినడం దీని బతుకు, అందుకని తనని తినే బల్లులు వేడికి ఆగలేక బొరియల్లోకి దూరిపోయాక, సరిగ్గా మిట్టమధ్యాహ్నం బయటికొస్తుంది. దొరికే సమయం కొద్ది నిమిషాలే, ఆలస్యమైతే ఇదీ చస్తుంది. సెకనుకి 85 సెంటీమీటర్ల దాకా పరిగెత్తుతుంది, చీమల్లో అంతకంటే వేగం ఇంకెక్కడా నమోదు కాలేదు. దాని ఒంటి మీద వెండిలా మెరిసే వెంట్రుకల్ని అడ్డంగా కోసి చూస్తే మూడు పలకలుగా ఉంటాయి. అవి ఎండని వెనక్కి కొట్టడమే కాకుండా ఒంట్లో వేడిని బయటికి పంపించడానికి కూడా పనికొస్తాయని 2015లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ల పరిశోధన చూపించింది. ఇందాక చెప్పిన హీట్ షాక్ ప్రొటీన్లని మిగతా పురుగులు వేడి తగిలాక తయారుచేసుకుంటాయి, ఇది పుట్టలోంచి బయటికి రాకముందే సిద్ధంగా పెట్టుకుంటుంది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే.

పడి ఉండి తట్టుకునేవాటిలో ఆఫ్రికాలో బండల మీద గుంటల్లో పెరిగే ఒక చిన్న దోమలాంటి పురుగు ఉంది, కుట్టదు. గుంట ఎండిపోతే దాని పిల్లపురుగు కూడా పూర్తిగా ఎండిపోతుంది, ఒంట్లో నీరు బాగా తగ్గిపోయి ట్రెహలోజ్ అనే చక్కెర దాని చోట కణాల్ని కాపాడుతుంది. అలా ఎండిన పిల్లపురుగుని ఒక నిమిషం పాటు 102 డిగ్రీల్లో ఉంచినా నీళ్లు తగలగానే మళ్లీ కదిలిందని బ్రిటన్ శాస్త్రవేత్త హోవర్డ్ హింటన్ 1960లో రాశారు.

తేనెటీగల పెట్టెలు పెట్టాను. ఏప్రిల్ నుంచి సాయంత్రాలు ఈగలన్నీ పెట్టె ముందు గుంపుగా వేలాడుతున్నాయి, మధ్యాహ్నం కుళాయి దగ్గర చేరుతున్నాయి. గుంపు విడిపోతోందేమోనని టెన్షన్‌గా ఉంది.
— ఒక పెంపకందారు, ఏలూరు జిల్లా

వేసవిలో ఇలా కనపడితే చాలావరకు అది వేడి వల్లే, కంగారుపడొద్దు. తేనెపట్టులో గుడ్లూ పిల్లలూ ఉన్న భాగాన్ని 34, 35 డిగ్రీల దగ్గర ఉంచాలని కూలి ఈగలు నానా తంటాలు పడతాయి, రెండు మూడు డిగ్రీలు పెరిగినా పిల్లలు సరిగా ఎదగవు. వేడి పెరిగితే కొన్ని ఈగలు గుమ్మం దగ్గర బారులు తీరి రెక్కలు ఆడిస్తూ లోపలి వేడిగాలిని బయటికి తోస్తాయి. కొన్ని నీళ్లు మోసుకొచ్చి అరల అంచుల మీద చుక్కలుగా పరుస్తాయి, ఆ నీరు ఆవిరవుతూ పట్టుని చల్లబరుస్తుంది. మీ కుళాయి దగ్గర చేరేవి ఇవే. లోపల ఒళ్లు ఒళ్లు రాసుకుంటే వేడి పెరుగుతుంది కాబట్టి మిగతావి బయటికొచ్చి వేలాడతాయి. ఎగిరేటప్పుడు కూడా ఉపాయముంది, తల మరీ వేడెక్కితే కడుపులోని పల్చటి మకరందాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుని ఆ తడితో తలని చల్లబరుచుకుంటాయి.

మీరు చేయాల్సింది వాటికి పని తగ్గించడం. పెట్టెలు మధ్యాహ్నపు ఎండ పడని చెట్టు నీడకి చేర్చండి, దగ్గర్లోనే వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పెట్టండి, రాళ్లు లేకపోతే మునిగి చస్తాయి. అది రోజూ ఒకేచోట ఉండాలి, ఒక్కరోజు కూడా ఎండిపోకూడదు. గుమ్మం ఇరుగ్గా ఉంటే వెడల్పు చేయండి. మైనం కరిగేది 62 డిగ్రీల పైనే అయినా 40 దాటితే మెత్తబడుతుంది, తేనె నిండిన పట్టు బరువుకి జారిపడిపోతుంది, కాబట్టి మధ్యాహ్నం పూట ఫ్రేములు పైకి తీసి చూడటం మానేయండి. ఇంకొక్క మాట. పోతుటీగలు ఎండకి కూలి ఈగల కంటే ముందు చస్తాయి, రాణి కడుపులో దాచుకున్న వీర్యకణాలు కూడా 40 దాటిన వేడిలో దెబ్బతింటాయి. వేసవి తర్వాత రాణి పెట్టిన గుడ్లలో తేడా కనిపిస్తే మందుల కోసం పరిగెత్తే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

మేము మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతాం. మార్చి దాటితే పంట నిలబడటం లేదు. అడవిలో పురుగులు బతుకుతుంటే షెడ్డులో నీడపట్టున ఉన్నవి ఎందుకు చస్తున్నాయి?
— ఒక రైతు, హిందూపురం

అడవి పురుగు చోటు మారగలదు, మీ పురుగు మారలేదు, అసలు తేడా అదేనండీ. వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగిన మల్బరీ పట్టుపురుగు చల్లటి చోటు వెతుక్కుంటూ పాకదు, దాని చిలుక ఎగరను కూడా ఎగరదు. చాకీ దశలో, అంటే పురుగు బాగా చిన్నగా ఉన్నప్పుడు, 27, 28 డిగ్రీలు బాగానే ఉంటుంది గానీ చివరిదైన అయిదో దశకి వచ్చేసరికి దానికి 24, 25 కావాలి, అంటే పురుగు పెద్దదయ్యే కొద్దీ చల్లదనం ఎక్కువ కావాలి. షెడ్డు రేకులదైతే జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. బైవోల్టిన్ రకాలు (ఏడాదికి రెండు తరాలు వచ్చేవి) పట్టు బాగా ఇస్తాయి గానీ వేడికి ఆగవు, అందుకే నడి వేసవి పంటకి సంకరజాతి గుడ్లు తెచ్చుకోవడం మేలు. రేకుల మీద కొబ్బరి మట్టలు పరిచి నీళ్లు చల్లడం, కిటికీలకి తడి గోనెపట్టాలు కట్టడం మీకు తెలిసే ఉంటుంది, దానితోపాటు గాలి ఆడేలా చూడండి, తడి ఉండి గాలి లేకపోతే రోగం వస్తుంది. పురుగుల్ని పల్చగా పరచండి. ఆకు తెల్లవారుజామునే కోసి తడిగుడ్డ కప్పి ఉంచండి. చంద్రికల (పురుగులు గూళ్లు కట్టే తట్టల) మీద ఉన్నప్పుడు కూడా వేడి తగలకూడదు, విత్తన గూళ్లు పెంచేవాళ్లు ముఖ్యంగా, ఎందుకంటే ఆ సమయంలో వేడి తగిలిన మగపురుగు బతికి బయటికొచ్చినా గొడ్డుపోయే అవకాశం ఉంది.

ఇంత ఎండకి దోమలు చచ్చిపోవాలి కదా, కూలర్ దగ్గర ఎందుకు ఉంటున్నాయి?
— ఒక గృహిణి, హైదరాబాద్

బయట నిజంగానే తగ్గుతాయి. మిగిలినవి చల్లగా తేమగా ఉన్న చోటు వెతుక్కుంటూ మీ బాత్రూంలోకీ కూలర్ వెనక్కీ చేరతాయి, అక్కడ వాటికి ఎండాకాలం లేనట్టే. మన పట్టణాల్లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ స్టీఫెన్సై దోమకి ఇంకో వేడి సమస్య ఉంది. మన నెత్తురు వేడిగా ఉంటుంది, అది ఒక్కసారిగా కడుపులో నిండితే దోమ ఒళ్లు కాగిపోతుంది. అందుకని తాగుతూనే తోక చివర ఒక చుక్క మూత్రం, నెత్తురు కలిసినది బయటికి తెచ్చి పట్టుకుంటుంది, అది ఆవిరయ్యే కొద్దీ పొట్ట చల్లబడుతుంది. 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు వేడిని చూపించే కెమెరాతో దీన్ని చూశారు.

డెంగీ దోమ గుడ్లు తడారిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. కూలర్‌లో నీళ్లు పారబోస్తే చాలదు, వారానికోసారి గోడల్ని పీచుతో రుద్ది కడగండి, గుడ్లు అంటుకుని ఉండేది అక్కడే. డెంగీ వ్యాపించడానికి అన్నిటికంటే అనువైన వేడి 29 డిగ్రీల చుట్టుపక్కల, 35 దగ్గరికి వస్తే బాగా తగ్గిపోతుంది. కాబట్టి ఎండలు పెరిగితే మన మే నెల దోమకి గడ్డుకాలమే కావచ్చు గానీ, ఇప్పటిదాకా చల్లగా ఉన్న కొండ ఊళ్లు, చలికాలపు నెలలు దానికి కొత్తగా కలిసొస్తాయి.

ఎండలు బాగా కాస్తే నేలలో పురుగు చచ్చి పంట బాగుంటుందని మా పెద్దలు అనేవారు. ఇప్పుడు ఇంత ఎండ కాస్తున్నా వేరుశనగ మీద ఎర్ర గొంగళి తగ్గలేదే?
— ఒక రైతు, అనంతపురం జిల్లా

పెద్దలు చెప్పింది నిజమే, కానీ ఎండ ఒక్కటే ఆ పని చేయదు, నాగలి కూడా కావాలి. ఎర్ర గొంగళి పురుగు వేసవిని నేల లోపల కోశం రూపంలో నిద్రలో గడుపుతుంది. గట్ల మీద, చెట్ల నీడన, కాస్త తేమ ఉన్న మట్టిలో లోతుగా దిగి ఉంటుంది, పైన నేల ఎంత కాలినా దాని దగ్గరికి రాదు. తొలకరి పడగానే చిలుకలై ఒక్కసారిగా లేస్తాయి. లోతు దుక్కి దున్నితే కోశాలు పైకి పడి ఎండకి మాడిపోతాయి, కాకులూ కొంగలూ తింటాయి. గట్లని, చెట్ల కింద నేలని వదిలేసి చేను మధ్యలో మాత్రమే దున్నితే లాభం తక్కువ. తొలకరి తర్వాత సాయంత్రాలు ఊరంతా కలిసి మంటలు వేయడం, దీపపు ఎరలు పెట్టడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనిచేస్తుంది, ఒక్క రైతు చేస్తే కాదు.

వేడి పెరిగితే పురుగు తగ్గుతుందని ధీమాగా ఉండకూడదని ఎందుకంటున్నానంటే, చావనంత వేడిలో పురుగు ఎక్కువ తింటుంది, తొందరగా పెద్దదవుతుంది. భూమి సగటు వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే వరి, మొక్కజొన్న, గోధుమల్లో పురుగుల వల్ల కలిగే నష్టం 10 నుంచి 25 శాతం దాకా పెరగొచ్చని 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అంచనా చెప్తోంది. ఇందులో ఎక్కువ దెబ్బ చల్లటి దేశాల పంటలకి, ఎందుకంటే అక్కడి పురుగుకి ఇంకా వేడి అవసరమే, మన దగ్గరి పురుగు ఇప్పటికే తన హద్దుకి దగ్గర్లో ఉంది.

వేడి అన్ని పురుగుల్నీ ఒకేలా కొట్టదు. పేనుబంక ఒంట్లో బుక్నెరా అనే బ్యాక్టీరియా ఉంటుంది, రసంలో దొరకని పోషకాల్ని తయారుచేసిచ్చేది అదే. బఠాణీ పేనుబంక మీద చేసిన పరిశోధనలో ఆ బ్యాక్టీరియా జన్యువులో ఒకే ఒక్క అక్షరం లోపిస్తే చాలు, 35 డిగ్రీల వేడి కొన్ని గంటలు తగిలిన పేనుబంక దాదాపు పిల్లల్ని పెట్టలేకపోయింది. మరోపక్క మనకి సాయం చేసే పరాన్నజీవి కందిరీగల్లో చాలావాటికి, తాము గుడ్లు పెట్టే పురుగు కంటే వేడి ఓర్పు తక్కువ. అలాంటి చిన్న కందిరీగే ట్రైకోగ్రామా, దాని కార్డులు వాడేవాళ్లు సాయంత్రం పూట, ఆకు అడుగున కట్టండి. ఎండ ఎక్కిన పొద్దులో కడితే డబ్బు పోసి తెచ్చిన మిత్రపురుగు పనికి దిగకముందే మాడిపోతుంది.

ఆరుద్ర పురుగులు ఎండాకాలం అంతా ఎక్కడుంటాయి?
— ఏడో తరగతి విద్యార్థి, సిద్దిపేట

మట్టిలోపలే ఉంటాయి నాన్నా, తొలకరి తడికి పైకొచ్చి తిండి, జత వెతుక్కుని కొద్ది రోజుల్లో మళ్లీ మట్టిలోకి వెళ్లిపోతాయి. కాళ్లు లెక్కపెట్టు, ఎనిమిది ఉంటాయి, అంటే ఇది కీటకం కాదు, సాలీడు బంధువు. పట్టుకుని చూసినా మళ్లీ దొరికిన చోటే వదిలెయ్.

పురుగులు కోట్ల ఏళ్లుగా ఉన్నాయి. ఈ వేడికి కూడా అవే అలవాటు పడతాయి కదా?
— ఒక ఉపాధ్యాయుడు, ఆదిలాబాద్

కొన్ని పడతాయి, రుజువులు కూడా ఉన్నాయి. అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలో ఓక్ కాయ లోపల కాపురం ఉండే చిన్న చీమలు, ఊరి బయట ఉండే తమ జాతి చీమల కంటే ఎక్కువ వేడిని ఓరుస్తాయి. రెండింటినీ ప్రయోగశాలలో ఒకే వాతావరణంలో పెంచినా ఆ తేడా పోలేదు, అంటే అది పుట్టుకతో వస్తోంది. ఈ మార్పుకి పట్టింది మహా అయితే ఇరవై తరాలు.

నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉందండీ. పురుగు ఎంత వేడికి చస్తుందని మనం ఇన్నాళ్లూ లెక్కలు వేశాం, ఎంత వేడికి పిల్లల్ని కనలేకపోతుందని ఈమధ్యే చూడటం మొదలుపెట్టాం, రెండోది చాలా పురుగుల్లో ముందే వస్తోంది. మన ఇళ్లల్లో పిండి డబ్బాల్లో కనిపించే ఎర్ర పిండిపురుగుల్ని బ్రిటన్‌లో పరిశోధకులు అయిదు రోజుల వడగాలిలాంటి వేడికి గురిచేశారు, 2018లో ఫలితం ప్రచురించారు. మగవాటి సంతాన శక్తి సగానికి పడిపోయింది, రెండోసారి అదే వేడి తగిలితే దాదాపు గొడ్డుపోయాయి. ఆడపురుగు ఒంట్లో అప్పటికే చేరి ఉన్న వీర్యం కూడా దెబ్బతింది. చూడటానికి అవి ఆరోగ్యంగానే తిరుగుతుంటాయి, తర్వాతి తరం మాత్రం రాదు. 43 రకాల ఫ్రూట్ ఫ్లైల మీద 2021లో వచ్చిన పరిశోధన కూడా ఇదే దారిలో ఉంది: ఏ జాతి భూమి మీద ఎక్కడ బతుకుతుందన్నది, అది చచ్చే వేడి కంటే మగవి గొడ్డుపోయే వేడితోనే ఎక్కువ సరిపోలింది.

మనలాంటి వేడి దేశాలకి ఇది మరీ ముఖ్యం. చలిదేశపు పురుగుకి ఇంకా కొన్ని డిగ్రీల వెసులుబాటు ఉంది, మన పురుగుకి అది తక్కువ. దానికి తోడు రాత్రుళ్లు చల్లబడకపోతే పగలు తగిలిన దెబ్బని సరిచేసుకునే వ్యవధి ఉండదు. నీడ, తేమ, రాలిన ఆకులు ఉన్న చోట పురుగు తన తెలివితో గడిపేస్తుంది, అవి తీసేసి కాంక్రీటు పరిస్తే దాని దగ్గర మిగిలేది ఒంటి ఓర్పు మాత్రమే. రోడ్డు వెడల్పు కోసం చింతచెట్టు కొట్టేసినప్పుడు ఆ నీడలో ఎన్ని రకాల ప్రాణాలు ఎండని దాటుతున్నాయో ఎవరూ లెక్క చూడరు, చూడాలని నా గట్టి అభిప్రాయం.

చెదపుట్ట లోపల ఏసీ పెట్టినట్టు చల్లగా ఉంటుందంటారు, నిజమేనా?
— ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

సగం నిజం. చెదలు కాపురం ఉండే గూడు చాలావరకు నేల మట్టానికి కిందే ఉంటుంది, అక్కడ వేడి పెద్దగా మారకపోవడానికి ముఖ్య కారణం చుట్టూ ఉన్న మట్టి. పైకి లేచిన పుట్ట చేసే అసలు పని గాలి మార్చడం. మన దగ్గర కనిపించే ఒడోంటోటెర్మిస్ చెదల పుట్టల మీద బెంగళూరులో కొలతలు తీసి 2015లో ప్రచురించారు. పగలు పుట్ట బయటి అంచుల్లోని సన్నటి గొట్టాలు నడిమి భాగం కంటే ముందు వేడెక్కుతాయి, వాటిలో గాలి పైకి లేచి మధ్యలోంచి కిందికి దిగుతుంది. రాత్రి అంచులు ముందు చల్లబడి ప్రవాహం తిరగబడుతుంది, లోపల పేరుకున్న బొగ్గుపులుసు వాయువు అప్పుడే బయటికి పోతుంది. జింబాబ్వేలోని హరారేలో 1996లో కట్టిన ఈస్ట్‌గేట్ భవనం చెదపుట్టల్ని చూసి వేసిన డిజైనే. అది పెద్ద ఏసీ యంత్రాలు లేకుండా, రాత్రి చల్లగాలితో గోడల్ని చల్లబరుచుకుని పగలు గడుపుతుంది. మీ ప్రాజెక్టుకి ఈ విషయం తీసుకుంటే ముందు మన ఊళ్లో రాత్రి వేడి ఎంత తగ్గుతుందో కొలిచి చూడండి. హరారే దాదాపు అయిదువేల అడుగుల ఎత్తులో ఉంది, అక్కడ రాత్రుళ్లు బాగా చల్లబడతాయి. మే నెల విజయవాడలో ఆ తేడా అంత దొరకదు.